ముందు ఇరవై ఒకటి, వెనక పద్దెనిమిది

1979లో హోండా కంపెనీ ఎక్స్‌ఎల్500ఎస్ అనే బండిని అమ్మకానికి తెచ్చింది. తారురోడ్డు మీద ఆఫీసుకు వెళ్లొచ్చు, తారు అయిపోయిన చోట రాళ్లబాటా పట్టొచ్చు. అలాంటి ఒంటి సిలిండర్ బండి అది. విడ్డూరమంతా దాని ముందు చక్రంలో ఉంది. ఆఫ్‌రోడ్ బైకులకు ముందు 21 అంగుళాల రిమ్ము వేయడం అప్పటికే స్థిరపడిన ఆనవాయితీ. 1950ల నాటి బ్రిటిష్ ట్రయల్స్ బండ్లకు కూడా ముందు 21, వెనక 19 ఉండేవి. హోండా ఇంజినీర్లు ఆ 21ని 23 చేశారు. ఎక్స్‌ఆర్500 అనే దాని పోటీబండికి కూడా అదే చక్రం బిగించారు. చక్రం పెద్దదయ్యేకొద్దీ దారిలో గుంతలూ రాళ్లూ చిన్నవవుతాయన్నది వాళ్ల లెక్క.

లెక్కలో తప్పు లేదు. అయినా 1982లో వచ్చిన ఎక్స్‌ఎల్500ఆర్ మళ్లీ 21తోనే దిగింది. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ అంకె అక్కణ్ణుంచి పెద్దగా కదల్లేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కు ముందు 21. హీరో ఎక్స్‌పల్స్‌కూ, యమహా టెనెరే 700కూ, డకార్ ర్యాలీలో ఎడారి దాటే బండ్లకూ అంతే. వెనక మాత్రం ఒక్కోదానికి ఒక్కో లెక్క. హిమాలయన్‌కు 17, ఎక్స్‌పల్స్‌కు 18, మోటోక్రాస్ బండ్లకు 19.

స్ప్లెండర్ నడిపి నడిపి అలవాటైనవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. దానికి ముందూ వెనకా ఒకటే, 18. పొలం గట్టు మీద కూడా అది నిక్షేపంగా పోతుంది కదా, మరి ఈ ఖరీదైన బండ్లకు రెండు సైజులెందుకని అడిగితే దుకాణంలో సాధారణంగా వినిపించే జవాబు: ముందుది పెద్దదైతే గుంతలు తెలియవు, వెనకది చిన్నదైతే లాగుడు బాగుంటుంది. జవాబులో మొదటి సగం నిజమే. రెండో సగం దగ్గరే తిరకాసుంది.

ముందుగా ఆ మొదటి సగం సంగతి.

రైల్వే ప్లాట్‌ఫారం మీద ట్రాలీ సూట్‌కేసు లాక్కెళ్లేవాళ్లకు ఇది చేతికే తెలుసు. బండల మధ్య అరంగుళం సందొచ్చినా అది టక్కున ఆగి భుజాన్ని గుంజుతుంది. అదే సందు మీద సైకిలు పోతే సందున్నట్టే తెలియదు. దీన్ని అంకెల్లోకి తేవడం కష్టమేమీ కాదు. పది సెంటీమీటర్ల ఎత్తున్న రాతిమెట్టుకు చక్రం ఆనుకుని నిలబడిందనీ, దాని మీద 100 కిలోల బరువుందనీ అనుకుందాం. ఇరుసును అడ్డంగా ఎంత బలంతో నెడితే చక్రం మెట్టెక్కుతుంది? స్కూటర్లకు వేసే 12 అంగుళాల చక్రానికి దాదాపు 144 కిలోల తోపు కావాలి. తారురోడ్డు స్పోర్ట్స్ బైకుల ముందుండే 17 అంగుళాల చక్రానికి 112 చాలు. 19కి 103. 21కి 98, అంటే చక్రం మీదున్న బరువు కన్నా కాస్త తక్కువే. నిజం బండికి వేగం ఉంటుంది, షాకప్‌లుంటాయి, టైరు నొక్కుకుపోతుంది కాబట్టి దారిలో అంకెలు సరిగ్గా ఇవే ఉండవు. వాటి వరస మాత్రం మారదు.

ఈ వరసలో ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. 12 నుంచి 17కి వస్తే 32 కిలోలు మిగిలాయి. 17 నుంచి 21కి వస్తే 14. మరి 21 నుంచి హోండా వారి 23కి వెళితే? నాలుగైదు కిలోలు. చక్రం పెరిగేకొద్దీ లాభం పలచబడిపోతోంది. ఖర్చు అలా పలచబడదు. చక్రం బరువంతా అంచున, రిమ్ములోనూ టైరులోనూ ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో జడత్వ భ్రామకం అని పిలిచే గుణం, అంటే తిరుగుడులో మార్పును ఎదిరించే గుణం, ఆ అంచు ఇరుసుకు ఎంత దూరాన ఉందన్నదాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంచు పొడవు పెరుగుతుంది కాబట్టి బరువు కూడా కొంత కలుస్తుంది. అదే రకం రిమ్ము, అదే మందం టైరు అనుకుంటే 21 నుంచి 23కి వెళ్లినందుకు ఈ గుణం దాదాపు 23 శాతం పెరుగుతుంది. తిరుగుతున్న చక్రం తన వాలు మార్చుకోవడానికి ఇష్టపడదు. ఆ మొండితనం తిన్నటి దారిలో బండిని నిలకడగా ఉంచుతుంది. చెట్ల మధ్య మెలికల దారిలో అదే మొండితనం హ్యాండిలును బరువు చేస్తుంది. పైగా 23 అంగుళాల టైరు వాడే బండ్లు చాలా తక్కువ కాబట్టి అరిగినప్పుడు దొరకడమూ కష్టమే. నాలుగు కిలోల కోసం ఇంత తలనొప్పి ఎవరు పడతారు?

కనుక 21 అనేది రాజీలో తేలిన అంకె. రాళ్లు దాటడానికి చాలినంత పెద్దది, తిప్పడానికి మరీ బరువు కానిది.

ఇక అసలు ప్రశ్న. ముందు చక్రానికి మంచిదైన 21 వెనక చక్రానికి ఎందుకు చెడ్డదైంది?

రెండు చక్రాలూ ఒకే దారిలో పోతున్నా వాటి పనులు వేరు. ముందు చక్రానికి సొంత బలం లేదు. వెనక నుంచి ఎవరో నెడుతుంటే పోయి రాయికి గుద్దుకుంటుంది. బ్రేకు నొక్కినప్పుడు బండి బరువూ మనిషి బరువూ దాని మీదే పడతాయి. అది రాయి ముందు ఆగిపోతే మనిషి హ్యాండిలు మీదుగా అవతల పడతాడు. వెనక చక్రానికి ఆ దిగులు తక్కువ. ఇంజిన్ తిప్పుతున్న చక్రం రాయి అంచు మీద పట్టు దొరకబుచ్చుకుని తనంతట తానే పైకి పాకుతుంది. అప్పటికే ముందు చక్రం రాయి దాటేసి ఉంటుంది. బండి ఊపు తోడవుతుంది. మనిషి ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి బరువు ముందుకు వేస్తే వెనక భాగం తేలికై ఇంకా సులువుగా ఎగబాకుతుంది. అందుకే పెద్ద వ్యాసం అవసరం ముందు చక్రానికి ఎక్కువ, వెనకదానికి తక్కువ.

ట్రాక్టరులో వ్యవహారం తిరగబడుతుంది. ముందు 6.00-16, వెనక 13.6-28 టైర్లతో నడిచే ట్రాక్టర్లు మన పొలాల్లో బోలెడు. ట్రాక్టరు నెమ్మదిగా పోతుంది, బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీద ఉంటుంది, నాగలి లాగాల్సింది వెనక చక్రాలే. ముందువి దారి చూపితే చాలు, ఇరుకులో మలుపు తిరగాలంటే అవి చిన్నగా ఉండటమే మేలు. బైకు గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో రాయి మీదకు పోతుంది కాబట్టి దానికి ఈ ఏర్పాటు పనికిరాదు.

అయితే, అవసరం తక్కువ అన్నంత మాత్రాన వెనక చక్రాన్ని చిన్నది చేసి తీరాలని లేదు. పెద్దదిగా ఉంటే నష్టమేమిటి? ఇక్కడ బండి పక్కన కూర్చుని టైరు మీది అంకెలు చదవాలి.

పోటీలకు వాడే ఎండ్యూరో బండి ముందు టైరు పక్కగోడ మీద 90/90-21 అని పోత పోసి ఉంటుంది. మొదటి 90 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో 90 పక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో 90 శాతం. అంటే 81 మిల్లీమీటర్లు. 21 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే ముద్రలో మిల్లీమీటరూ శాతమూ అంగుళమూ కలిపేసిన ఈ పద్ధతి ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, లెక్క మాత్రం తేలుతుంది. రిమ్ము 533 మిల్లీమీటర్లు, దానికి పైనా కిందా 81 చొప్పున కలిపితే 695. అది ముందు చక్రం నిజమైన ఎత్తు. ఇప్పుడు వెనక టైరు చూస్తే 140/80-18. వెడల్పు 140, పక్కగోడ అందులో 80 శాతం, అంటే 112. రిమ్ము 457. పైనా కిందా 112 కలిపితే 681.

రిమ్ముల మధ్య తేడా మూడు అంగుళాలు, అంటే 76 మిల్లీమీటర్లు. చక్రాల మధ్య తేడా 14 మిల్లీమీటర్లు.

మోటోక్రాస్ బండిలోనూ ఇదే కథ. ముందు 80/100-21 అంటే మొత్తం 693 మిల్లీమీటర్లు. వెనక 110/90-19 అంటే 681. దూరం నుంచి చూస్తే రిమ్ములు కళ్లకు కొట్టొచ్చినట్టు వేరుగా కనిపిస్తాయి కానీ, నేలను తాకే వలయాలు దాదాపు సమానం. వెనక చక్రం చిన్నది అనుకుంటున్నామే, ఆ చక్రం నిజానికి చిన్నది కాదు. చిన్నది దాని రిమ్ము.

రిమ్ము ఎందుకు తగ్గిందో ఈ లెక్కే చెప్పేస్తుంది. ఇంజిన్ బలమంతా మట్టిలోకి దించాల్సింది వెనక టైరే కాబట్టి అది వెడల్పుగా ఉండాలి. రాళ్ల మీద మెత్తగా ఒదగాలంటే వెడల్పుకు తగ్గ ఎత్తు గోడ కావాలి. అలాంటి 140/80 టైరును 21 అంగుళాల రిమ్ముకు తొడిగితే చక్రం ఎత్తు 757 మిల్లీమీటర్లకు పోతుంది. ఆ చక్రం ఎక్కడ పట్టాలి? మోటోక్రాస్ బండి వెనక చక్రం సస్పెన్షన్ మీద దాదాపు 300 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడుతుంది. పూర్తిగా పైకి వచ్చినప్పుడు మడ్‌గార్డుకూ ఎయిర్ ఫిల్టరు పెట్టెకూ తగలకూడదు. వాటి మీద సీటుంటుంది. ఈ బండ్ల సీటు ఇప్పటికే నేల నుంచి 95 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, సగటు మనిషి కాళ్లు పూర్తిగా ఆనవు. చక్రం పెరిగితే సీటు ఇంకా పైకి పోవాలి, లేదంటే వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ పొడవు పెరిగి బండి మొత్తం సాగిపోవాలి. ఇంజిన్, చెయిన్, షాకప్, సీటు, వాటి మీద మనిషి, ఇవన్నీ పోటీపడే ఇరుకు జాగా అది. అక్కడ చక్రానికి దక్కిన వాటా దాదాపు 680 మిల్లీమీటర్లు. దాంట్లో టైరు ఎత్తు పోగా మిగిలిందే రిమ్ము.

దుకాణం జవాబులోని రెండో సగం ఇక్కడ తేలిపోతుంది. లాగుడు కోసమే అయితే స్ప్రాకెట్టు పళ్లు మారిస్తే సరిపోతుంది, దానికి రిమ్ము తగ్గించనక్కర్లేదు. వెనక రిమ్ము చిన్నదవడం ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. టైరుకు జాగా ఇవ్వడానికి అది వెనక్కి తగ్గింది.

ఆ మాట కచ్చితంగా అనొచ్చనడానికి 18, 19ల మధ్య తగువే సాక్ష్యం. మోటోక్రాస్ అంటే తయారుచేసిన మట్టి ట్రాకు మీద గెంతులు. గాల్లోంచి దిగి నేల తాకినప్పుడు ఎత్తైన పక్కగోడ వంగి అటూ ఇటూ ఊగుతుంది, మలుపులో టైరు మడత పడ్డట్టవుతుంది. అందుకని అక్కడ గోడ కాస్త కురచగా 99 మిల్లీమీటర్లు, రిమ్ము 19. ఎండ్యూరో అంటే అడవి, వాగు, బండరాళ్లు, చెట్ల వేళ్లు. అక్కడ గాలి తగ్గించి నడపాలి, టైరు రాయి చుట్టూ ఒదగాలి, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి చిరగకూడదు. అందుకని గోడ 112, రిమ్ము 18. బయటి వలయం రెండింటికీ ఒకటే. ఒక్క అంగుళం రిమ్మును ఇటు తీసి అటు టైరులో వేశారు, అంతే. ట్రయల్స్ బండ్లు గాలి ఇంకా తగ్గించి, కొండరాళ్ల మీద బల్లిలా పాకుతాయి. వాటికీ వెనక 18 అంగుళాలే.

పిల్లల బండ్లలోనూ ఈ అంతరం పాటిస్తారు. కేటీఎం 65 సీసీ బండికి ముందు 14, వెనక 12. 85 సీసీ బండికి 17, 14. అదే 85లో పొడుగు పిల్లల కోసం ఇంకో రకం, 19, 16. పిల్లవాడు పెరిగేకొద్దీ రెండు చక్రాలూ జంటగా పెరుగుతాయి.

షోరూములో దొరికే అడ్వెంచర్ బండ్లకు వచ్చేసరికి లెక్క కొంత సడలుతుంది. ఎక్స్‌పల్స్ 200 వెనక టైరు 120/80-18, అంటే మొత్తం 649 మిల్లీమీటర్లు. 2016లో వచ్చిన మొదటి హిమాలయన్ వెనక టైరు 120/90-17, మొత్తం 648. ముందు రెండింటికీ 90/90-21, 695. ఇక్కడ చక్రాల మధ్య తేడా దాదాపు 46 మిల్లీమీటర్లు, నిజంగానే వెనకది చిన్నది. ఎందుకంటే ఈ బండి మీద లడఖ్ వెళ్లేవాడు నెలలో మిగతా రోజులు ట్రాఫిక్ సిగ్నలు దగ్గర కాలు కింద పెట్టి నిలబడాలి. ఆ మొదటి హిమాలయన్ సీటు ఎత్తు 80 సెంటీమీటర్లు. మోటోక్రాస్ బండితో పోలిస్తే 15 సెంటీమీటర్లు తక్కువ. వెనక 17 వేస్తే తారురోడ్డు టైర్లలో ఎంపిక కూడా ఎక్కువ. అంటే ఈసారి వెనక చక్రాన్ని కుదించింది టైరు కాదు, మనిషి కాలి పొడవు.

ముందు చక్రం విషయంలోనూ తారురోడ్డు తన వాటా అడుగుతుంది. 21 అంగుళాల టైరు సన్నగా ఉంటుంది. ఇసుకనూ బురదనూ కోసుకుంటూ పోవడానికి అది మంచిదే. తారు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు, వరస మలుపుల్లో బండిని అటూ ఇటూ వాల్చినప్పుడు వెడల్పైన 19 హాయి. బీఎండబ్ల్యూ పెద్ద జీఎస్ బండ్లు, హోసూరులో టీవీఎస్ తయారుచేసిన జీ 310 జీఎస్ అందుకే 19, 17 జోడీతో వచ్చాయి. హోండా ఆఫ్రికా ట్విన్‌లో సుదూర ప్రయాణాల రకం అడ్వెంచర్ స్పోర్ట్స్ 2024లో 21 వదిలి 19కి మారింది. మామూలు ఆఫ్రికా ట్విన్ 21తోనే ఉంది. కొనేవాళ్లు ఎక్కడ తిరుగుతారో కంపెనీకి తెలుసు మరి. అదే డకార్‌లో అయితే ఈ చర్చే లేదు. 450 సీసీ ర్యాలీ బండ్లది 21, 18 జోడీ, ట్యూబుకు బదులు టైరు నిండా నురుగు.

ఆఫ్‌రోడ్ మాట పక్కనపెడితే, ముందు పెద్దది వెనక చిన్నది అన్న ఏర్పాటు మన వీధిలోనే నిలబడి ఉంది. 2020లో వచ్చిన యాక్టివా 6జీకి ముందు చక్రం 12 అంగుళాలు, వెనకది 10. అంతకుముందు రెండూ 10 ఉండేవి. సుజుకీ యాక్సెస్ 125దీ 12, 10 జోడీయే. ముందు చక్రాన్ని మన రోడ్ల గుంతల కోసం పెంచారు. వెనక చక్రం పక్కనే ఇంజిన్, పైన హెల్మెట్ పెట్టుకునే డిక్కీ, దాని మీద సీటు. అక్కడ చక్రం పెరిగితే డిక్కీ తరగాలి. డకార్ బండికీ కూరగాయలు తెచ్చే స్కూటరుకూ ఇరుకు చోటు ఒకటే, సీటు కింద.

సైకిళ్ల కథ వేరే దారిలో మొదలై ఇక్కడికే వచ్చింది.

1870లలో ఇంగ్లండులో నడిచిన ఎత్తు సైకిళ్ల ముందు చక్రం మనిషి ఛాతీ దాకా ఉండేది. దానికి రాళ్లతో సంబంధం లేదు. పెడళ్లు నేరుగా ముందు చక్రం ఇరుసుకే ఉండేవి, ఒక తొక్కుకు ఒక చుట్టు. వేగం కావాలంటే చక్రం పెరగాలి. ఎక్కడిదాకా పెరగాలో తొక్కేవాడి కాళ్ల పొడవు చెప్పేది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలుతో తొక్కుడు బలం చెయిన్ ద్వారా వెనక చక్రానికి వెళ్లింది, కొద్ది కాలానికే రెండు చక్రాలూ సమానమయ్యాయి. ఆ తర్వాత వందేళ్లు సైకిలంటే రెండు సమానమైన చక్రాలే. మన పాలవాళ్లు క్యాన్లు తగిలించుకుని తొక్కిన అట్లాస్, హీరో సైకిళ్ల 28 అంగుళాల చక్రం రిమ్ము, టైరు కూర్చునే చోట కొలిస్తే, 635 మిల్లీమీటర్లు. ఇప్పుడు లక్షలు పోసి కొనే 29 అంగుళాల మౌంటెన్ బైక్ రిమ్ము 622. పేరులో అంగుళం పెరిగింది, రిమ్ములో 13 మిల్లీమీటర్లు తగ్గాయి! మౌంటెన్ బైక్‌కు టైరు లావు కాబట్టి మొత్తం ఎత్తులో అదే గెలుస్తుంది, 738 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. హోండా వదిలేసిన 23 అంగుళాల చక్రం ఎత్తు కూడా దాదాపు ఇంతే. మోటారుబండికి మోయలేని బరువైన వ్యాసం సైకిలుకు నప్పింది, ఎందుకంటే సైకిలు టైరు కిలో అటూ ఇటూ తూగుతుంది.

మౌంటెన్ బైకులు పుట్టింది మాత్రం 26 అంగుళాలతో. 1976 అక్టోబరులో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు రీప్యాక్ అనే కొండబాటలో పందెం పెట్టుకున్నారు. వాళ్లు తొక్కినవి పాత ష్విన్ సైకిళ్లు, బెలూన్ టైర్లవి. వాటికి 26 అంగుళాల చక్రాలున్నాయి కాబట్టి, గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, టామ్ రిచీ వంటివాళ్లు ఆ సరదాను పరిశ్రమగా మార్చినప్పుడు 26 ప్రమాణమై కూర్చుంది. పాత సామానులో ఏది దొరికితే అది. ఎవరూ లెక్క వేసి నిర్ణయించింది కాదు. 1999లో డబ్ల్యూటీబీ కంపెనీ నానోరాప్టర్ అనే లావు టైరును 622 రిమ్ముకు చేశాక పెద్ద చక్రం పరీక్షకొచ్చింది. ఇందాకటి మెట్టు లెక్కలో పెడితే 26కు 101 కిలోలు, 27.5కు 98, 29కు 94. ఒక్క మెట్టు దగ్గర ఇది చిన్న తేడా. గంటన్నర పందెంలో అలాంటి వేల మెట్లుంటాయి.

2012 లండన్ ఒలింపిక్స్ క్రాస్‌కంట్రీలో యారోస్లావ్ కుల్హావీ 29తో స్వర్ణం, నీనో షుర్టర్ 27.5తో రజతం గెలిచారు. నాలుగేళ్ల తర్వాత రియోలో షుర్టర్ స్వర్ణం గెలిచినప్పుడు అతని సైకిలుకూ 29 అంగుళాల చక్రాలే. అక్కడ రెండు చక్రాలూ పెద్దవే, ఎవరికీ ఇబ్బంది లేదు. ఎందుకంటే క్రాస్‌కంట్రీలో ఎక్కువసేపు సీటు మీద కూర్చుని తొక్కుతారు.

కొండ నిలువుగా దిగే డౌన్‌హిల్ పందేల్లో ఇబ్బంది మొదలైంది. అక్కడ రైడర్ సీటు మీద ఉండడు. ముందుకు బోర్లా పడకుండా చేతులు చాచి, నడుము వెనక్కి వేసి, దాదాపు వెనక చక్రం మీద వేలాడుతూ దిగుతాడు. సస్పెన్షన్ 200 మిల్లీమీటర్లు నొక్కుకుపోయినప్పుడు ఆ చక్రం అతని పిరుదుల దాకా వస్తుంది. గిర్రున తిరుగుతున్న ముళ్ల టైరు నిక్కరుకు తగిలితే ఏమవుతుందో వర్ణించనక్కర్లేదు. 2017లో దక్షిణాఫ్రికాకు చెందిన గ్రెగ్ మినార్ ఫోర్ట్ విలియం ప్రపంచకప్‌ను 29తో గెలిచాడు. అతను ఆరడుగుల మూడంగుళాల మనిషి. పొట్టివాళ్లకు ఆ జాగా లేదు.

ముందు 29, వెనక 27.5 వేసుకుంటే ఈ చిక్కు విడిపోతుంది. కొత్త ఆలోచన కూడా కాదు. 1980ల మధ్యలోనే కానన్‌డేల్ ముందు 26, వెనక 24తో మౌంటెన్ బైక్ అమ్మింది. 2007లో ట్రెక్ 69ఈఆర్ అని 29, 26 జోడీ తెచ్చింది. రెండూ ఎక్కువ కాలం నిలవలేదు. పందేల్లో అయితే ప్రయత్నించే వీలే లేదు. సైకిలంటే సమాన వ్యాసం గల రెండు చక్రాల వాహనం అని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ నిబంధనల్లోనే రాసుంది. మౌంటెన్ బైకులకు ఆ మాట 2019లో సడలించారు. ఆ ఏప్రిల్‌లోనే స్లొవేనియాలోని మారిబోర్‌లో జరిగిన ఆ సీజను మొదటి డౌన్‌హిల్ ప్రపంచకప్‌ను ఫ్రాన్స్ రైడర్ లోయిక్ బ్రూనీ 29, 27.5 జోడీతో గెలిచాడు. ఏడాది తిరిగేలోగా ప్రపంచ ఛాంపియన్‌షిప్, ప్రపంచకప్ మొత్తం టైటిలు కూడా అతనివే. మల్లెట్ అనే పేరుతో ఆ జోడీ షోరూముల్లోకి వచ్చేసింది.

మోటారు సైకిలుకూ దీనికీ ఒక తేడా ఉంది. మోటోక్రాస్ బండిలో బయటి వలయాలు సమానం. మల్లెట్ సైకిలులో వెనక వలయం నిజంగానే 38 మిల్లీమీటర్లు తక్కువ. కొండ దిగేటప్పుడు వెనక చక్రాన్ని ఎవరూ తొక్కరు కాబట్టి, రాయెక్కడానికి ఇంజిన్ సాయం లాంటిది కూడా లేదు. ఆ నష్టం ఒప్పుకునే రైడర్లు దీన్ని తీసుకుంటారు. బదులుగా దక్కేవి ఉన్నాయి. ఒంటికి జాగా దొరుకుతుంది, వెనక భాగం కురచై మలుపులో చురుగ్గా తిరుగుతుంది, స్పోకులు పొట్టివై చక్రం గట్టిపడుతుంది. మోటారు సాయంతో నడిచే సైకిళ్లలో ఈ గట్టిదనం ఇంకా అక్కరకొచ్చింది. 2021లో వచ్చిన స్పెషలైజ్డ్ టర్బో లీవో నేరుగా ఈ జోడీతోనే తయారైంది.

ఇంట్లో ఉన్న 29, 29 సైకిలును సొంతంగా మల్లెట్ చేసుకోబోయేవాళ్లు ఒక చిన్న లెక్క చూసుకోవాలి. వెనక 27.5 వేయగానే ఆ ఇరుసు 19 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 1,220 మిల్లీమీటర్లున్న సైకిలులో దాంతో ఫ్రేమంతా వెనక్కి వాలి, ఫోర్కు కోణం దాదాపు 0.9 డిగ్రీ పడుకుంటుంది. పెడళ్ల ఇరుసు వెనక చక్రానికి దగ్గర కాబట్టి 12 మిల్లీమీటర్ల దాకా కిందికి వస్తుంది. దిగేటప్పుడు బాగానే ఉంటుంది. ఎక్కేటప్పుడు ప్రతి రెండో రాయీ పెడలుకు తగులుతుంది. అందుకే కొత్త ఫ్రేముల్లో షాకప్ బిగించే చోట తిప్పి పెట్టుకునే చిన్న లోహపు బిళ్ల ఇస్తున్నారు. దాన్ని ఒక వైపు పెడితే 29కీ, తిప్పి పెడితే 27.5కీ కొలతలు సరిపోతాయి. ఆ బిళ్ల లేని పాత ఫ్రేములకు రెండు దారులున్నాయి. ముందు ఫోర్కు పొడవు మార్చి వాలు సరిచేసుకోవడం ఒకటి, పెడళ్లు బిగించే 175 మిల్లీమీటర్ల క్రాంకులు తీసి 165వి వేసుకోవడం ఇంకొకటి. రెండోది చవక.